పెద్దబాపు పక్షుల క్యాంపు

ఆ రోజుల్లో మా చేవెళ్ల, మొయినాబాదు వైపు డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్న కుర్రాడికి కనిపించే దారులు రెండే. ప్లాట్లు చూపించే ఏజెంటుగా తిరగడం ఒకటి, ఎవరో ఒక లీడరు వెనక ఆయన ఫోను పట్టుకుని నడవడం ఇంకొకటి. మొదటిది నాకు అచ్చిరాలేదు (సిటీ నుంచి వచ్చిన ఒక కుటుంబానికి మా వెంచర్ అనుకుని పక్కాయన పొలం చూపించాను, వాళ్లకు అదే నచ్చింది, ఆయనేమో అమ్మనన్నాడు). రెండో దారికి మాత్రం బయట వెతకాల్సిన పని లేకపోయింది. మా నాన్నకు స్వయానా అన్న, మా పెద్దబాపే లీడరు. తెల్ల చొక్కా కుట్టించుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని ఆయన బండి వెనక సీట్లో కూర్చున్న రోజున దేశభారంలో కొంత నా మీద పడిందనే అనుకున్నాను. ఆ భారం నిజంగా ఎంతో తెలుసుకోవడానికి సముద్రం దాకా వెళ్లి రావాల్సి వచ్చింది.

ముందు కొంచెం లెక్క చెప్పాలి. ఊళ్ల నుంచి గెలిచిన మండల మెంబర్లందరూ ఒక హాల్లో కూర్చుని, చేతులెత్తి, తమలో ఒకరిని మండలాధ్యక్షుడిగా ఎన్నుకుంటారు. మా మండలంలో (పేరు చెప్పను, పెద్దబాపు ఇప్పటికీ అచ్చులో కనిపించిన ప్రతి అక్షరం చదువుతాడు) ఆ ఏడు పదమూడు మంది మెంబర్లు. పెద్దబాపు పార్టీకి ఆయనతో కలిపి ఆరుగురు, అవతలి పార్టీకి ఐదుగురు. మిగిలిన ఇద్దరూ ఏ పార్టీకీ చెందని ఆడవాళ్లు. వాళ్లలో ఒక్కరు ఇటు వస్తే పెద్దబాపుకు ఏడు, గెలుపు ఖాయం. ఇద్దరూ అటు పోతే అవతలాయనకు ఏడు.

ఆ ఇద్దరిలో ఒకరు మా పక్క ఊరి చామంతి అవ్వ, ఇంకొకరు దాని పై ఊరి గులాబి అవ్వ. అసలు పేర్లు వేరే ఉన్నాయి గానీ, ఎవరి చేలో ఏ పువ్వు పూస్తే ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. ముప్పై ఏళ్లుగా ఇద్దరూ ఒకే ఆటోలో, ఒకే పూలమూటకు ఆనుకుని సిటీ పూల మార్కెట్టుకు వెళ్లి వస్తున్నారు. సీట్లు ఆడవాళ్లకు రిజర్వు కావడంతో కొడుకులు వాళ్లను నిలబెట్టారు, జనం గెలిపించారు. చామంతి అవ్వ గెలవగానే ఆవిడ కొడుకును ఊరంతా 'మెంబరన్న' అనడం మొదలుపెట్టింది. సన్మానం శాలువాలు ఆయనే కప్పించుకున్నాడు. ఫ్లెక్సీలో ఆయన ఫొటో నిలువెత్తున ఉంటే, తల్లి ఫొటో మూలన తపాలా బిళ్లంత ఉంది. చెయ్యెత్తే పనొక్కటి మాత్రం చట్టం ఆవిడకే వదిలేసింది, అదొక్కటే మెంబరన్నకు కాస్త ఇబ్బందిగా ఉండేది. ఈయన పెద్దబాపు వైపు వచ్చాడు, గులాబి అవ్వ కొడుకు అవతలి వైపు పోయాడు. ఆ రోజు నుంచి అవ్వలిద్దరూ మాట్లాడుకోవద్దని కొడుకుల హుకుం. ఒక ఆటో రెండు ఆటోలైంది.

ఎన్నికకు ఐదు రోజుల ముందు, మెంబర్లను ఎవరూ ఎత్తుకుపోకుండా క్యాంపుకు తీసుకెళ్లి దాచడం ఆచారం. పార్టీ వాళ్లకు విప్పు ఉంటుంది కదా, మాట దాటితే పదవే పోతుంది కదా, వాళ్లను కూడా దాచడం ఎందుకని నేను అడిగాను.

"పెండ్లిల బ్యాండు ఎందుకు రా? గిది గూడ గంతే," అన్నాడు పెద్దబాపు.

ఎక్కడ దాచాలన్నదే పెద్ద చిక్కయింది. సిటీవాళ్లు ఎవరి కంటా పడకూడదనుకుంటే మా వైపు ఫామ్‌హౌసులకు వస్తారు. చిన్న మంగళారం నుంచి జన్వాడ దాకా ఎటు చూసినా మూసిన గేట్లే. కానీ ఎవరి కంటా పడకూడదనుకుంటే మేమెక్కడికి పోవాలి? ఏ ఫామ్‌హౌసులో దిగినా తోటమాలి మా మండలం వాడే, వాచ్‌మన్ మా మండలం వాడే, పాలు పోసేవాడైతే అవతలాయనకు బావమరిది. చివరికి ఒక ట్రావెల్స్ ఆయన కోస్తాలో ఒక చిన్న సముద్రతీరపు ఊరు చూపించాడు. క్యాంపు అని తెలియకుండా బస్సుకు 'పక్షుల సందర్శన విజ్ఞాన యాత్ర' అని బ్యానరు కట్టించాడు. మా అందరికీ తలొక అచ్చుకాయితం ఇచ్చాడు. ఉదయం పక్షుల వీక్షణ, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం సముద్రంలో సూర్యాస్తమయం అని అందులో ఉంది. (అది గోవా యాత్ర కోసం అచ్చు వేయించిందనీ, ఊరి పేరు మాత్రమే మార్చాడనీ తరువాత తెలిసింది.)

నా ఉద్యోగం కాపలా. అందరి ఫోన్లూ నా సంచిలో ఉండాలి, అరగంటకోసారి తలలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాయాలి. ముఖ్యంగా చామంతి అవ్వ మీద కన్ను తిప్పకూడదు. బ్యానరుకు తగ్గట్టు ఉంటుందని పెద్దబాపు ఒక బైనాక్యులర్ కొని నా మెడలో వేశాడు. "పిట్టలను కాదు, మనోళ్లను సూడు," అని మెల్లగా చెప్పాడు. గెలిస్తే మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ పోస్టు ఇప్పిస్తానన్నాడు. అప్పటికే మా అమ్మ ఆ మాట నాలుగిళ్లలో చెప్పేసింది. కాబట్టి నేను ఎవరినైనా పోగొట్టుకుంటే నా ఒక్కడి పరువుతో పోయేది కాదు.

మొదటి రోజు ఉదయమే పక్షుల వీక్షణ. మెంబర్లందరూ ఖద్దరు బట్టల్లో, బూట్లతో సహా ఇసుకలో వరసగా నిలబడ్డారు. వాళ్లలో చాలామందికి పొలాలున్నాయి. చిన్నప్పుడు మంచె మీద కూర్చుని పిట్టలను తోలినవాళ్లే. బస్సెక్కి ఇంత దూరం వచ్చి వాటినే చూడాల్సి రావడం వాళ్లకు మింగుడు పడలేదు. ఒకాయన కాసేపు కొంగను చూసి, "దీన్ని మనింటి కాడ గూడ సూస్తం గదనే," అని నీడకు పోయాడు. ఇంకొకాయన పక్షి ఎగరగానే రెండు చేతులూ ఎత్తి 'హో' అని అరిచాడు, అలవాటు. పావుగంటలో వీక్షణ ముగిసి పేకాట మొదలైంది.

చామంతి అవ్వ ఒక్కతే తీరం దగ్గర ఉండిపోయింది. అరవై అయిదేళ్ల వయసులో మొదటిసారి సముద్రం చూస్తున్న మనిషి. చెప్పులు చేత్తో పట్టుకుని, తడి ఇసుక మీద గొంతుక్కూర్చుంది. ఆమె ముందు పిడికిలంత పిట్టలు ఓ గుంపు, అల వెనక్కి పోగానే దాని వెంట పరుగెత్తి ఏదో ఏరుకుంటున్నాయి, అల తిరిగి రాగానే కాళ్లు తడవకుండా ఒడ్డుకు ఉరుకుతున్నాయి.

"ఎంతసేపటి సంది గిదే పని బిడ్డా," అంది నాతో. "అలసిపోతలేవు. మీ పెద్దబాపును కూసోవెట్టి సూపియ్యి జర."

నేను నోటుబుక్కు తీసి 'చా.అ. ఉన్నది' అని రాసుకున్నాను.

సాయంత్రం ఐదున్నరకు హోటలు వాళ్లు ఇసుకలో కుర్చీలు వేశారు. సముద్రం వైపు తిప్పి, మూడు వరసలు. ముందు వరస మధ్యలో పెద్దబాపు కూర్చున్నాడు. మెంబరన్న పక్కన చేరాడు. మిగతావాళ్లు విందు భోజనం బరువుతో ఒక్కొక్కరే వచ్చి కూలబడ్డారు. అందరం నీళ్ల వైపు చూస్తూ సూర్యుడి కోసం ఎదురుచూడసాగాం. మా నీడలు మా కాళ్ల దగ్గర మొదలై, మా ముందే సముద్రం దాకా సాగి ఉన్నాయి. కనీసం అది చూసైనా మాకు అనుమానం రావలసింది. డిగ్రీ పాసైనవాణ్ని, నాకైనా రావలసింది.

చామంతి అవ్వే వెనకవరస నుంచి అడిగింది. "బిడ్డా, మన ముంగట ఉన్నది తూర్పు గదా?"

నేను కాయితం తీసి చూశాను. "సముద్రంలనే అని రాసున్నది అవ్వా."

"కాయిదం మీద రాస్తె పొద్దు గిటు తిరిగొస్తదా?"

"అమ్మా, జర సప్పుడు చెయ్యకు. పెద్దమనుషులు కూసున్నరు," అన్నాడు మెంబరన్న.

పెద్దబాపు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు చూసి, "మబ్బు అడ్డమొచ్చినట్టున్నది. ఆగుర్రి," అన్నాడు. మబ్బు తునక కూడా లేదు. అయినా ఏడు ఓట్ల మనిషి చెప్పాక మబ్బు లేదనడానికి ఎవరికీ నోరు రాలేదు. అందరం ఆగాం.

ఇంతలో నా అరగంట లెక్క వచ్చింది. ఒకటి, రెండు, మూడు అనుకుంటూ వెనకవరసకు వచ్చేసరికి అవ్వ కుర్చీ ఖాళీగా ఉంది. ఇటు చూశాను, అటు చూశాను, బైనాక్యులర్ పెట్టి చూశాను. పెద్దబాపుకు చెప్పే ధైర్యం లేదు. ముందు ఫోను చేద్దామని కుర్చీల వెనకకు జరిగి అవ్వ నంబరు కలిపాను. నా భుజానికున్న సంచి గట్టిగా మోగింది.

"ఎవల్ది రా గది?" పెద్దబాపు తల తిప్పకుండానే అడిగాడు.

"అవ్వది. వాళ్ల కోడలు చేస్తున్నట్టున్నది."

"ఎత్తకు."

ఎత్తలేదు. ఇప్పుడే వస్తానని చెప్పి, హోటలు వెనక రోడ్డు మీదకు పరుగు తీశాను. దారిపొడవునా ఒకటే ఊహ. అవతలాయన మనుషులు, నల్ల అద్దాల కారు, లోపల చామంతి అవ్వ, ఆమె చెయ్యి అప్పుడే సగం పైకి లేచి ఉంది. మలుపులో కొబ్బరిబోండాలు అమ్మే ఆయన కనిపిస్తే, ముసలామె ఎవరైనా ఇటు వచ్చిందా అని అడిగాను.

"ఎర్రచీర మామ్మగారేనాండి? పొద్దెటు గుంకుతాదని అడిగారండి. ఉప్పు మడుల గట్టు మీదికెల్తే బాగా కనబడుద్దని చెప్పానండి," అన్నాడు. తరువాత నన్ను, నా మెడలో బైనాక్యులర్‌ను చూసి, "ఆ కుర్చీల్లో కూర్చున్నోళ్లు మీవాళ్లేనాండి? దేనికోసమండి, అలా చూస్తన్నారు?" అన్నాడు.

"పిట్టల కోసం," అని చెప్పి మళ్లీ పరుగెత్తాను.

ఉప్పు మడులు ఊరి వెనక ఉన్నాయి. అద్దాలు పరిచినట్టు నీళ్లు, మధ్యన సన్నటి గట్లు. గట్టు మీద ఎర్రచీర కనిపించింది, ప్రాణం లేచొచ్చింది. దాని పక్కనే పచ్చచీర కనిపించింది, వచ్చిన ప్రాణం మళ్లీ పోయింది. ఇద్దరూ భుజాలు ఆనించుకుని, కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చున్నారు. ఆ పచ్చచీర మనిషి గులాబి అవ్వ.

అవతలాయన క్యాంపు కూడా ఆ ఊళ్లోనే. అదే ట్రావెల్స్, అదే అచ్చుకాయితం. మా హోటలుకు నాలుగు హోటళ్ల అవతల దిగారు. ఒకరి నుంచి ఒకరం దాక్కోవడానికి రెండు బస్సులూ ఒక పూట తేడాతో ఒకే చోటికి వచ్చాయి.

"మీ తాన గూడ సముద్రం దిక్కే కుర్చీలేసిన్రా బిడ్డా?" గులాబి అవ్వ నన్ను అడిగింది. ఆ మాటకు ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. "అవ్వా, నిన్ను ఎవలన్న ఎత్తుకపోయిన్రేమోనని నా పానం పోయింది. చెప్పకుండ గిట్ల వస్తె ఎట్ల?"

"చెప్తె రానిస్తుంటివా?" అంది చామంతి అవ్వ.

రానిచ్చేవాణ్ని కాదు. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"మరి గంతే. కూసో. ఫికర్ చెయ్యకు, పొద్దుగూకంగనే వస్త."

వేరే దారిలేక కూర్చున్నాను. కూర్చున్నాక, ఆ క్యాంపు మొదలైన తరువాత మొదటిసారి మెడలోని బైనాక్యులర్‌తో పిట్టలను చూశాను. సూర్యుడు దూరంగా తాటిచెట్ల వెనక దిగుతున్నాడు. మడుల్లో నీళ్లు ముందు పసుపుగా, తరువాత కుంకుమ కలిపినట్టుగా మారాయి. తెల్లకొంగలు పదీ ఇరవై చొప్పున వచ్చి గట్టు పక్క పొదల మీద వాలుతున్నాయి. వాలిన కొమ్మ నచ్చక, మళ్లీ లేచి, పక్కదాన్ని తోసి కూర్చుంటున్నాయి. నల్లటి నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. మా బస్సులో వచ్చినవాళ్లెవరూ చూడని పక్షులన్నీ అక్కడే ఉన్నట్టుంది.

"గివి మన చెర్వు కాడి కొంగలే గదనే ఒదినె," అంది చామంతి అవ్వ. "ఇంత దూరమొచ్చినా గవే."

"మనం రాలేదా, గట్లనే," అంది గులాబి అవ్వ.

వాళ్లు చాలాసేపు పూల ధరలు, మోకాళ్ల నొప్పులు మాట్లాడుకున్నారు. రెండు ఊళ్ల మధ్య గుంతల రోడ్డు మీద ఆటో ఎన్నిసార్లు పడిపోయిందో లెక్క తీశారు. తరువాత గొంతు తగ్గించి ఏదో అనుకున్నారు. చామంతి అవ్వ తన కుడిచెయ్యి ముందుకు చాపి, కొత్తగా చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. గులాబి అవ్వ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏంది అవ్వా?" అన్నాను.

"మా ముచ్చట బిడ్డా. నువ్వు పిట్టలను సూడు."

చూశాను. అదే నేను చేసిన పొరపాటు, కానీ ఇప్పటికీ దానికి చింతించడం లేదు.

మేం తిరిగి వచ్చేసరికి కుర్చీల్లో ఎవరి ముఖం ఎవరికీ సరిగా కనిపించడం లేదు. పెద్దబాపు అప్పుడే లేచి, పంచెకంటిన ఇసుక దులుపుకుని, "మంచిగున్నది," అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారట. అవ్వ ఎక్కడికి పోయిందని మెంబరన్న అడిగితే, వెనక తోటలో కొబ్బరి మొక్కలు చూస్తోందని చెప్పాను. గులాబి అవ్వ సంగతి చెప్పి ఉంటే మిగిలిన నాలుగు రోజులూ ఆవిణ్ని గదిలో పెట్టి తాళం వేసేవాళ్లు. నోటుబుక్కులో మాత్రం ఆ అరగంటకు కూడా 'చా.అ. ఉన్నది' అనే రాశాను. ఎక్కడ ఉన్నదో రాయమని ఎవరూ చెప్పలేదు.

ఎన్నిక రోజు బస్సు నేరుగా మండలాఫీసు గేటు దగ్గర ఆగింది. మెంబర్లు తప్ప ఎవరూ లోపలికి పోకూడదు. నేనూ మెంబరన్నా కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాం. ఆఫీసరు ముందుగా పెద్దబాపు పేరు చదివి, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు. టకటకా ఆరు చేతులు లేచాయి. ఏడోది లేవలేదు. చామంతి అవ్వ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఫ్యాను వైపు చూస్తోంది.

"అమ్మా, చెయ్యి," అన్నాడు మెంబరన్న కిటికీలోంచి. "అమ్మా, నిన్నే."

ఆమెకు వినిపించలేదో, విననట్టు ఉందో. పెద్దబాపు మెడ నెమ్మదిగా మా కిటికీ వైపు తిరిగింది. ఆ చూపు నా కోసమే. సరిగ్గా అప్పుడు ఎదుటి బల్ల నుంచి, అవతలి పార్టీ మధ్య నుంచి, గులాబి అవ్వ చెయ్యి లేచింది. గాజులు మోచేతి దాకా జారాయి. ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాడు. ఏడు. తరువాత అవతలాయన పేరు చదివాడు. ఐదు చేతులు లేచాయి, ఆరోది చామంతి అవ్వది, అందరికంటే ఎత్తుగా. ఏడు, ఆరు. రెండు పార్టీలూ వేసుకున్న లెక్క పొల్లుపోకుండా వచ్చింది. చేతులు మాత్రం మారాయి.

పెద్దబాపు గెలిచాడు. దండలు పడ్డాయి, టపాకాయలు పేలాయి. కానీ ఆయన ముఖం, గెలిచింది తనేనా అని ఎవరినైనా అడగాలన్నట్టు ఉంది. బయటికి రాగానే చామంతి అవ్వ దగ్గరికే వెళ్లాడు.

"ఏందవ్వా గిట్ల చేసినవు? మాట ఇచ్చినవు గదా."

"నీకు ఏడు గావాలంటివి, ఏడొచ్చినయి గద పటేలా. నీదేం పోయింది?"

"మరి అటు ఎందుకు లేపినవు?"

అవ్వ చెప్పులు వెతుక్కుంది. కొడుకు వైపు చూడలేదు. "ఐదొద్దులు పూలమూట లెక్క మోసుకపోయి, మోసుకొచ్చి దించిన్రు. చెయ్యి ఒక్కటన్న నా అంతట నేను లేపుకుందామనిపించింది. ఒదినెకు గూడ గట్లనే అనిపించింది," అంది. చెప్పులేసుకుని, గేటు బయట నిలబడ్డ గులాబి అవ్వ దగ్గరికి వెళ్లింది. ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు.

తరువాత ఏమైందంటే, రెండు పార్టీలకూ ఆ ఇద్దరు అవ్వలు ఎవరి మనుషులో తెలియకుండా పోయింది. చామంతి అవ్వ ఈయనకు మాటిచ్చి ఆయనకు చెయ్యెత్తింది, గులాబి అవ్వ ఆయనకు మాటిచ్చి ఈయనకు ఎత్తింది. తెలియనివాళ్లను మంచి చేసుకోవడం తప్ప రాజకీయాల్లో మార్గం లేదు. ఎన్నేళ్లుగానో గుంతలతో ఉన్న ఆ రెండు ఊళ్ల మధ్య రోడ్డు మొదటి ఏడాదిలోనే పడింది. శిలాఫలకం మీద రెండు పార్టీల పేర్లూ ఉన్నాయి. నాకు మాత్రం కంప్యూటర్ పోస్టు రాలేదు. గట్టు మీద సంగతి అవ్వలే నవ్వుకుంటూ నలుగురికి చెప్పారు, అది పెద్దబాపు దాకా చేరింది. "కాపలా పెడితే పిట్టలను సూసిండు," అని ఆయన ఇప్పటికీ పెళ్లిళ్లలో నన్ను చూపించి చెబుతాడు. చెప్పేటప్పుడు ఈమధ్య కొంచెం నవ్వుతున్నాడు కూడా.

ఇప్పుడు నేను చందనవెల్లి వైపు ఒక కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ను (ఇంటర్వ్యూలో ముందు అనుభవం ఉందా అంటే, ఏడుగురు ప్రజాప్రతినిధులను ఐదు రోజులు కాపాడానని చెప్పాను, వాళ్లు వివరాలు అడగలేదు). గోడంతా తెరలు, తెరల నిండా గేట్లు. పడమటి గేటు మీద ఉన్న కెమెరాకు సాయంత్రం సూర్యుడు ఎదురు పడతాడు. ఓ పది నిమిషాలు ఆ తెర మొత్తం తెల్లగా అయిపోయి ఏమీ కనిపించదు. కెమెరాను కొంచెం పక్కకు తిప్పించమని మేనేజరు రెండుసార్లు చెప్పాడు. తిప్పిస్తానన్నాను. రోజూ ఆ వేళకు కుర్చీలోంచి లేచి, టీ గ్లాసు పట్టుకుని బయటి మెట్ల మీద కూర్చుంటాను. ఆ పది నిమిషాల్లో లోపలికి ఎవరొచ్చారో, బయటికి ఎవరు పోయారో నాకు తెలియదు.